గ్యారట్టు అనే మనిషి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. వారంతా నాకన్నా చక్కగా రాస్తారు. నేను 1959లో లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఇంజన్లు తుడిచి, బొగ్గు కొట్టి, ఇంజను నడిపి, చివరికి లోకో ఇన్‌స్పెక్టరుగా 1998లో దిగినవాణ్ణి. అందుచేత నాకు చేతనైన పెద్దమనిషి గురించే రాస్తాను. ఆయన పేరు మా పాత లోకో వాళ్ళ నోళ్ళలో రోజుకు పదిసార్లు నలిగేది. అయితే అది ఒక మనిషి పేరని మాలో ఎవరికీ తెలియదు. ఎక్కడో ఉన్న కంపెనీ పేరో, ఊరి పేరో అనుకునేవాళ్ళం. ఈ వేళ గ్యారట్టు పడింది, గ్యారట్టు ఫెయిలయింది, గ్యారట్టు మీద డ్యూటీ వద్దు బాబోయ్ – ఇలా ఉండేవి మా మాటలు.

ఆయన పూర్తి పేరు హెర్బర్ట్ విలియం గ్యారట్. 1864 జూన్ 8న లండనులో పుట్టారు. పదిహేనేళ్ళ వయసులో నార్త్ లండన్ రైల్వే వారి బౌ వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి 1882 దాకా అక్కడ పని నేర్చుకున్నారు. ఆ తర్వాత సండర్లాండ్‌లో ఓడల ఇంజన్లు చేసే డాక్స్‌ఫర్డ్ కంపెనీలో కొంతకాలం, కన్సల్టింగ్ ఇంజనీర్ల తరఫున ఇన్‌స్పెక్టరుగా కొంతకాలం పనిచేశారు. 1889లో ఓడెక్కి దక్షిణ అమెరికా వెళ్ళారు. అర్జెంటీనాలో సెంట్రల్ అర్జెంటైన్ రైల్వేలో చేరి, 1892 నాటికి లోకోమోటివ్ సూపరింటెండెంటు అయ్యారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. 1900 నుంచి క్యూబా, ఆఫ్రికాలో లాగోస్, పెరూ దేశంలో లీమా – ఇలా దేశాలు పట్టుకు తిరిగారు. ట్రాన్స్‌ఫర్లంటే మనకు ప్రాణం మీదికి వచ్చేది కదా, బిలాస్‌పూర్ నుంచి ఆద్రాకు వేస్తే ఇంట్లో వారం రోజులు అన్నం సహించేది కాదు. ఆయన బదిలీలు సముద్రాలు దాటి జరిగాయి.

ఈ తిరుగుడులో ఆయన చూసినది ఒకటే సమస్య అనుకుంటాను. పరాయి దేశాల్లో, డబ్బు తక్కువగా ఉన్న చోట, కొండల్లోంచి ఖనిజమో బొగ్గో దించుకోవడానికి వేసిన లైన్లు అవి. పట్టాలు సన్నం, గేజి చిన్నది, వంతెనలు బలహీనం, ఎక్కుడు ఎక్కువ, మలుపులు మరీ ఎక్కువ. ఇంజను బలంగా ఉండాలంటే బాయిలరు పెద్దది కావాలి. బాయిలరు పెద్దదైతే కింద చక్రాలు ఎక్కువ కావాలి. చక్రాలు ఎక్కువైతే ఇంజను పొడుగైపోయి మలుపు తిరగదు, బిగుసుకుపోతుంది, పట్టాలు తప్పుతుంది. బరువంతా కొద్ది చక్రాల మీదే పెడితే పట్టా విరుగుతుంది. దీనికి అప్పట్లో ఉన్న సులువు మార్గం రెండు ఇంజన్లు పెట్టడం. అంటే ఇద్దరు డ్రైవర్లు, నలుగురు ఫైర్‌మన్లు, రెండు మంటలు.

ఆయన కంటే ముందు కూడా బుర్ర పెట్టినవారు లేకపోలేదు. రాబర్ట్ ఫెయిర్లీ అనే ఆయన 1864లో, అంటే మన గ్యారట్ పుట్టిన ఏడే, రెండు బాయిలర్లు వీపులు కలిపి కూర్చున్నట్టుండే ఇంజనుకు పేటెంటు తీసుకున్నారు. నీళ్ళకూ బొగ్గుకూ దానిలో చోటు తక్కువ. తర్వాత 1884లో అనతోల్ మాలే గారు ఒకే పొడుగు బాయిలరు కింద రెండు జతల చక్రాలు పెట్టి, ముందు జతను అటూ ఇటూ తిరిగేటట్టు చేశారు. అమెరికా వాళ్ళు దాన్ని పెంచి పెంచి 1941లో బిగ్ బాయ్ అనే మహాకాయుణ్ణి చేశారు. కాని చిన్న గేజిలో మాలే ఇంజను మలుపు తిరిగేటప్పుడు బాయిలరు ముందు భాగం వంపు బయటికి వాలుతుంది. పైగా చక్రాల మీదే బాయిలరు కూర్చోవడం వల్ల దాన్ని లావు చేయడానికి జాగా ఉండదు.

1906లో గ్యారట్ ఇంగ్లండు తిరిగి వచ్చారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ రైల్వేలు కొనే సామాను ఇంగ్లండు ఫ్యాక్టరీలలో సరిగా తయారవుతున్నదా లేదా అని తనిఖీ చేసే ఉద్యోగం దొరికింది. ఇతరులు చేసిన పనిని కొలిచి, తట్టి చూసి, సంతకం పెట్టే పని. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఎలాంటిదో నాకు తెలుసు. నువ్వు ఏదీ చేయవు, అన్నిటికీ తప్పు పడతావు, ఎవరికీ ఇష్టం ఉండవు. అలాంటి రోజుల్లోనే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. పట్టాల మీద నడిపే పెద్ద ఫిరంగిని రెండు బోగీల మధ్య వేలాడదీసి తీసుకుపోవడం చూసి, ఫిరంగి స్థానంలో బాయిలరును పెడితే ఎలా ఉంటుందని ఆయనకు తట్టిందని చెబుతారు. 1907లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, మరుసటి ఏడు మంజూరయింది.

ఇంట్లోవాళ్ళు కూడా ఈ సంచిక చదువుతారు గనుక ఆ ఆలోచన ఏమిటో కొంచెం విడమరిచి చెబుతాను. నాకు మొదట అర్థమయ్యేటట్టు చెప్పినవారు మా షెడ్డులో ఒక పెద్ద డ్రైవరు గారు. విజయనగరం దగ్గర పల్లెవారు. నేను క్లీనరుగా ఉన్నప్పుడు ఆ ఇంజనును చూసి, ఏది ముందో ఏది వెనకో తెలియక బిక్కమొహం వేస్తే, చిన్నప్పుడు పెళ్ళిలో పల్లకీ చూశావా లేదా అని అడిగారు. చూశానన్నాను. ముందు బోయీలు, వెనక బోయీలు, మధ్య దండె, దండెకు వేలాడుతూ పల్లకీ. గ్యారట్టు అంతే. మధ్యలో బాయిలరు, డ్రైవరు నిలబడే క్యాబు పల్లకీ. పొడుగాటి ఇనప చట్రం దండె. ముందూ వెనకా వేరు వేరు సిలిండర్లు, చక్రాలు ఉన్న రెండు ఇంజన్లు బోయీలు. నీళ్ళ ట్యాంకు ముందు బోయీల భుజాన, బొగ్గు, మరికొన్ని నీళ్ళు వెనక బోయీల భుజాన.

పల్లకీ సందు మలుపు తిరిగేటప్పుడు ఎలా తిరుగుతుంది? ముందు బోయీలు తమ దారిన తిరుగుతారు, వెనక బోయీలు తమ దారిన వస్తారు, మధ్యలో పల్లకీ వంపు లోపలి వైపుకు జరుగుతుంది. వింటికి నారి కట్టినట్టు. బాయిలరు బరువు అలా లోపలికి జరగడం వల్ల ఇంజను బయటికి దొర్లిపోయే భయం తగ్గుతుంది. ఇక బాయిలరు కింద చక్రాలే లేవు గనుక దాన్ని పొట్టిగా, ఎంత లావుగా కావాలంటే అంత లావుగా చేసుకోవచ్చు. కింద జాగా ఉంది గనుక ఫైర్‌బాక్సు లోతుగా, వెడల్పుగా పెట్టవచ్చు, గాలి బాగా ఆడుతుంది, మంట బాగా పట్టుతుంది. బరువు చాలా ఇరుసుల మీద పరుచుకుంటుంది గనుక సన్నపు పట్టా కూడా ఓర్చుకుంటుంది. ముందుకైనా వెనక్కైనా ఒకేలా నడుస్తుంది, టర్న్‌టేబుల్ అక్కర్లేదు. ఒకే మంట, ఒకే డ్రైవరు, రెండు ఇంజన్ల పని.

చిక్కులూ ఉన్నాయి. దారిలో నీళ్ళు, బొగ్గు ఖర్చయ్యే కొద్దీ బోయీల భుజం మీద బరువు తగ్గి కాళ్ళు జారతాయి, అంటే చక్రాలు పట్టు తప్పి తిరుగుతాయి. రెండోది, కదలని బాయిలరు నుంచి కదిలే బోగీలకు ఆవిరి పోవాలంటే గొట్టాలకు మెడ తిప్పగలిగే బాల్ జాయింట్లు కావాలి. ఆ జాయింట్లు కారతాయి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

ఈ నమూనాను మాంచెస్టరు దగ్గర గోర్టన్‌లో ఉన్న బేయర్ పీకాక్ కంపెనీ వారు చేతబట్టారు. 1854లో మొదలైన, పేరున్న ఇంజన్ల కంపెనీ. మొదటి ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా ద్వీపం నుంచి. అక్కడ పడమటి కొండల్లో జీహాన్ అనే గనుల ఊరు ఉంది, వెండి సీసం తవ్వేవారు. జీహాన్ నుంచి విలియమ్స్‌ఫర్డ్ దాకా అడవుల్లోంచి, జలపాతం పక్కనుంచి పోయే రెండడుగుల గేజి లైను, నార్త్ ఈస్ట్ డండస్ ట్రామ్‌వే. ఇరవై అయిదు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కే ఏటవాలు. మలుపుల వ్యాసార్ధం 99 అడుగులు. మన బ్రాడ్ గేజి మనిషి ఆ అంకె చదివితే అచ్చు తప్పు అనుకుంటాడు.

ఆ లైను కోసం 1909లో రెండు ఇంజన్లు చేశారు. కె1, కె2 అని పేర్లు. ఒక్కొక్కటి సుమారు 33 టన్నులు, ముందు నాలుగు చక్రాలు, వెనక నాలుగు. ప్రపంచంలో మొట్టమొదటి గ్యారట్లు అవే. కొనేవాళ్ళు ఎక్కడైనా కొనేవాళ్ళే కదా, టాస్మానియా వాళ్ళు కాంపౌండు ఇంజను కావాలని పట్టుబట్టారు. అంటే ఒకసారి వాడిన ఆవిరినే రెండో జత సిలిండర్లలో మళ్ళీ వాడుకోవడం. బొగ్గు కలిసివస్తుంది కాని గొట్టాల గందరగోళం పెరుగుతుంది. సిలిండర్లను కూడా బోగీల లోపలి కొసల్లో పెట్టడం వల్ల, వెనక సిలిండర్లు సరిగ్గా క్యాబు కింద వచ్చాయి. వేసవిలో అందులో నిలబడ్డవాళ్ళ గతి ఊహించుకోండి. ఆ తర్వాత చేసిన గ్యారట్లలో సిలిండర్లు బయటి కొసలకు జరిగాయి, కాంపౌండు పద్ధతి కూడా దాదాపు పోయింది. అయినా ఆ రెండు ఇంజన్లు జీహాన్ కొండల్లో ఇరవై ఏళ్ళు ఖనిజం లాగాయి.

ఆ తర్వాతి గ్యారట్టు మన దేశానికే వచ్చింది. డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే వారు తెప్పించుకున్నారు, 1911లో దిగింది. అదే రెండడుగుల గేజి, అలాంటిదే ఏటవాలు. మామూలు సిలిండర్లతో, కాంపౌండు కాకుండా చేసిన తొలి గ్యారట్టు అదే, ఆసియా ఖండంలో కాలు పెట్టిన తొలి గ్యారట్టూ అదే. నిజం చెప్పాలంటే డార్జిలింగులో అది గొప్పగా రాణించలేదు. అక్కడి చిన్న బి క్లాసు ఇంజన్ల చేతే పని నడిపించారు. ఇది ఒంటరిగానే ఉండిపోయి, 1954లో తుక్కుకు వెళ్ళింది. గొప్పవాళ్ళ జీవితచరిత్రలు రాసేవాళ్ళు ఇలాంటివి దాటేస్తారు. నేను పనిముట్టు మనిషిని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

1911, 1912లో పడమటి ఆస్ట్రేలియా వారు, బ్రెజిల్ వారు, మరికొందరు కొన్నారు. ఇంతలో 1913 సెప్టెంబరు 25న లండను పక్కన రిచ్‌మండ్‌లో గ్యారట్ గారు కన్నుమూశారు. నలభై తొమ్మిదేళ్ళ వయసు. మనం ఇంకా ఫస్ట్ ఫైర్‌మన్ ప్రమోషన్ల గురించి, సీనియారిటీ లిస్టు గురించి కొట్లాడుకున్న వయసులకు కాస్త పైన. ఆయన చూసినవి చిన్న ఇంజన్లు, కొద్ది ఇంజన్లు. ఆయన పేరు పెట్టుకున్న అసలైన ఏనుగులను ఆయన చూడలేదు.

ఆయన పోయిన మరుసటి సంవత్సరమే యుద్ధం వచ్చింది. ఆ నాలుగేళ్ళు కొత్త ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. 1921లో దక్షిణాఫ్రికాకు జి.ఎ. అనే పెద్ద గ్యారట్టు వెళ్ళింది. నటాల్ కొండల్లో మాలే ఇంజనుతో పోటీ పెట్టి చూశారు. గ్యారట్టు తక్కువ బొగ్గుతో, తక్కువ సమయంలో పని చేసి చూపించింది. అప్పటి నుంచి ఇక వెనక్కి తిరిగి చూడలేదు. 1925లో ఇంగ్లండులోనే యార్క్‌షైర్ బొగ్గు గనుల దగ్గర, 40కి 1 ఏటవాలు ఉన్న వర్స్‌బరో గట్టు మీద గూడ్సు బండ్లను వెనకనుంచి తోయడానికి ఒక గ్యారట్టును పెట్టారు. బ్రిటన్‌లో అంతకన్నా బలమైన ఆవిరి ఇంజను మరొకటి నడవలేదు. 1929లో దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు నుంచి పైకెక్కే దారి కోసం జి.ఎల్. క్లాసు వచ్చింది. 1928లో పేటెంటు గడువు తీరడంతో ఎవరైనా చేసుకోవచ్చు గనుక, బేయర్ పీకాక్ వారు తమవి వేరని తెలిసేటందుకు బేయర్–గ్యారట్ అని పేరు పెట్టుకున్నారు. వారి ఒక్క కార్ఖానాలోంచే వెయ్యికి పైగా వెళ్ళాయి.

వీటన్నిటిలో తూర్పు ఆఫ్రికా రైల్వే వారి 59వ క్లాసు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1955 నుంచి వచ్చాయి, మొత్తం 34. బరువు 252 టన్నులు. ఇంతా చేసి నడిచినది మీటరు గేజి మీద. ప్రపంచంలో మీటరు గేజి మీద అంత పెద్ద ఆవిరి ఇంజను లేదు. సముద్రపు ఒడ్డున మొంబాసాలో బయలుదేరి, అయిదున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న నైరోబీ దాకా 530 కిలోమీటర్లు 1200 టన్నుల సరుకు లాక్కుపోయేవి. ఒక్కొక్క ఇంజనుకు ఆ దేశపు పర్వతం పేరు పెట్టారు. కొండెక్కేదానికి కొండ పేరు. ఆ పేర్లు పెట్టినవారు ఎవరో గాని రసికులు.

మన సంగతికి వస్తాను. బెంగాల్ నాగపూర్ రైల్వే, మన బి.ఎన్.ఆర్., హౌరా నుంచి నాగపూరు దాకా, ఇటు వాల్తేరు దాకా లైన్లున్న పాత కంపెనీ. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు వాళ్ళదే. అక్కడ ఉద్యోగాలకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. మా నాన్నగారూ అలా వెళ్ళినవారే, నేను పుట్టింది అక్కడే. చక్రధర్‌పూర్ నుంచి ఝార్సుగూడ వైపు సారండా అడవుల్లోని ఘాట్ సెక్షనులో బొగ్గు, ఇనప ఖనిజం బండ్లు లాగడానికి ఆ కంపెనీ వారు ముందు 1920లలో రెండు గ్యారట్లు తెప్పించి పరీక్షించారు. అవి నచ్చి, 1929లో ఎన్ క్లాసు 16, 1931లో ఎన్.ఎం. క్లాసు 10 తెప్పించారు. 1939లో పి క్లాసు మరో 4. ఎన్ క్లాసు ఇంజను బరువు 230 టన్నుల పైమాటే. ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, పదహారు డ్రైవింగ్ చక్రాలు. మంట పరిచే జాలీ ఇంచుమించు 70 చదరపు అడుగులు. మన ఇళ్ళలో వంటగది ఎంత ఉంటుందో అంత.

ఆ వంటగదికి నేను వండిపెట్టాను. సెకండ్ ఫైర్‌మన్‌గా నాకు మొదటిసారి గ్యారట్టు పడింది ఒక శ్రావణ మాసపు రాత్రి. కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టాడు. ఎందుకో ఆ రోజే మా ఆవిడ ఉపవాసం, నాకు టిఫిను కట్టి ఇచ్చి తాను మంచినీళ్ళు తాగి పడుకుంది. లైన్ బాక్సు నెత్తిన పెట్టుకుని వానలో షెడ్డుకు వెళ్ళాను. డ్రైవరు గారు, నాకు పల్లకీ పాఠం చెప్పిన పెద్దాయనే. బండి బొగ్గు లోడు. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక ఇద్దరు ఫైర్‌మన్లం వంతులవారీగా పార వేస్తూనే ఉన్నాం. మంట తెల్లగా మండాలి, ఎక్కడా నల్ల మచ్చ కనిపించకూడదు, ప్రెషరు ముల్లు దిగకూడదు. సగం దారిలో వెనక బోగీ చక్రాలు జారాయి. ముందువి పట్టుకునే ఉన్నాయి, వెనకవి మాత్రం గిర్రున తిరిగి నిప్పులు చిమ్ముతున్నాయి. రెంటికీ రెగ్యులేటరు ఒకటే. జారేదాన్ని ఆపాలంటే పనిచేసేదాన్ని కూడా ఆపాలి. ఆపితే ఆ ఏటవాలు మీద బండి నిలబడిపోతుంది, మళ్ళీ కదలదు. డ్రైవరు గారు రెగ్యులేటరును ఒక్క వెంట్రుకవాసి మూసి, ఇసక వదిలి, చెవి వెనక్కి పెట్టి విన్నారు. చప్పుడు మారింది. మళ్ళీ వెంట్రుకవాసి తెరిచారు. ముందు బోగీ చఫ్, వెనక బోగీ చఫ్ ఒకదాని మీద ఒకటి పడుతూ, మళ్ళీ విడిపోతూ, ఇద్దరు మనుషులు ఒకే పాట వేరు వేరు తాళాల్లో పాడినట్టు ఉంటుంది గ్యారట్టు ఎక్కుడు. అవి విన్నవాళ్ళు మరిచిపోరు. బండి ఆగలేదు. పైన స్టేషనులో డ్రైవరు గారు చుట్ట వెలిగించుకుని, వెనక ట్యాంకులో నీళ్ళు తగ్గాయి, బోయీలకు బరువు చాల్లేదు అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

ఇక బాల్ జాయింట్ల సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. నేను పనిచేసిన ఒక షెడ్డులో ఒక ఫిట్టరు మేస్త్రి ఉండేవారు. పెద్దగా చదువుకోలేదు. గ్యారట్ల ఆవిరి జాయింట్లు ఊరికే కారుతుంటే, మంటకు ఎంత బొగ్గు వేసినా ఆవిరంతా వానలో కలిసిపోతుంటే, ఆయన తన డ్యూటీ అయిపోయాక కూర్చుని ఒక ప్యాకింగు రింగు అమరిక కనిపెట్టారు. నెలల తరబడి నాలుగైదు రకాలు చేసి పారేసి, చివరిది ఒక ఇంజనుకు వేశారు. అది కారలేదు. నేను ఆ ఇంజను మీద వెళ్ళాను, నా కళ్ళతో చూశాను. తర్వాత ఆ అమరిక మీద సూచన పత్రం పైకి వెళ్ళింది. దాని మీద ఉన్నది మేస్త్రి పేరు కాదు, పై అధికారి ఒకరి పేరు. బహుమానం కూడా ఆ పేరుకే వచ్చింది. మేస్త్రి ఒక రోజు నా దగ్గరికి వచ్చి, ఆ రింగు ఎవరు చేశారో నీకు తెలుసు కదా, అడిగితే చెబుతావా అని అడిగారు. అప్పుడు నా ప్రమోషను కాగితాలు ఆ అధికారి బల్ల మీదే ఉన్నాయి. చూద్దాం బాబాయ్ అన్నాను. ఆయన మళ్ళీ నన్ను అడగలేదు. కనపడితే టీ తాగుతావా అనేవారు, అంతే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఈ వ్యాసంలో ఆయన పేరు రాద్దామనుకున్నాను. వాళ్ళ అబ్బాయికి ఫోను చేసి అడిగాను. ఇప్పుడెందుకండీ, వదిలేయండి అన్నాడు. అందుకని రాయడం లేదు. గ్యారట్ గారి జీవితం చదివినప్పుడు నాకు మాటిమాటికీ ఈయనే గుర్తుకొచ్చారు. ఒక తనిఖీ ఉద్యోగి బొమ్మ గీసి తెస్తే, ఆ పెద్ద కంపెనీ దాన్ని తన పేరు మీద వేసుకోవచ్చు. లేక పేటెంటు గడువు తీరగానే ఆ పేరు చెరిపేయవచ్చు. ఆయన పోయి పదిహేనేళ్ళయ్యాక కూడా, తమ పేరు పక్కనే ఆయన పేరు అచ్చొత్తి ప్రతి ఇంజనుకూ ప్లేటు బిగించారు.

1960లు ముగిసేసరికి మన వైపు డీజిళ్ళు, కరెంటు ఇంజన్లు వచ్చి గ్యారట్లకు పని లేకుండా పోయింది. బేయర్ పీకాక్ వారు 1958లో దక్షిణాఫ్రికా చిన్న గేజి లైన్ల కోసం తమ చివరి గ్యారట్లు చేశారు, 1966లో కంపెనీయే మూతపడింది. అదే నమూనాతో దక్షిణాఫ్రికాలోనే మరో ఎనిమిది 1967, 68లలో తయారయ్యాయి.  మన ఎన్ క్లాసులో 815 నంబరును ఢిల్లీ రైలు మ్యూజియములో ఉంచారు. 811ను 2006లో మళ్ళీ ఆవిరి ఎక్కించి నడిపారు. ఆ వార్త చదివిన రోజు నేను భోజనం చేయకుండా ఫోన్లు చేస్తూ కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మొట్టమొదటి గ్యారట్టు కె1 సంగతి చెప్పి ముగిస్తాను. టాస్మానియాలో ఆ లైను 1932లో మూతపడింది. 1947లో బేయర్ పీకాక్ వారే తమ తొలి బిడ్డను కొని ఇంగ్లండుకు తెప్పించుకున్నారు. కంపెనీ పోయాక వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వే వారు 1966లో కొన్నారు. ఎన్నో ఏళ్ళు మ్యూజియములో ఉన్నాక, మరమ్మతు చేసి 2006లో వెల్ష్ హైలాండ్ రైల్వే మీద నడిపారు. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన ఆఖరి తరం గ్యారట్లు కూడా ఆ స్నోడన్ కొండల మధ్యే 40కి 1 ఎక్కుడు మీద బండ్లు లాగాయి.

మా మనవడు తన ఫోనులో కె1 నడుస్తున్న బొమ్మ చూపించాడు. వాడు కొండలు చూడమంటాడు, పొగ చూడమంటాడు. నేను ఆపించి, వెనక్కి జరిపించి, క్యాబు కింద ఆవిరి గొట్టం మెడ తిరిగే చోటును రెండుసార్లు చూశాను. అక్కడ తెల్లగా ఏమీ కనిపించలేదు. రింగు బాగానే వేశారు.